పై ఊరి నీళ్ళు

మా నాన్నకీ నాకూ దేశం విషయంలో ఎప్పుడూ పొసగలేదు. నేను నరసరావుపేటలో ఒక కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. ఆయన గురజాల వైపు మా ఊళ్ళో, సాగర్ కాలవ నీళ్ళు అందీ అందని చివరి భూముల్లో మిరప వేస్తాడు. ఢిల్లీలో కూర్చునేవాళ్ళు విషయం తెలిసినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు అయి ఉండాలని నా వాదన. ఆయన టీవీలో వార్తలు చూస్తూ దాన్ని కొట్టిపారేసేవాడు. "చదువుకున్నోడు ఎందుకు కాదో చెప్తాడే. పని చేసేటోడు చేసి పెడతాడు. నీకు చానా తెలుసు గానీ, ఒక్క మడికన్నా నీళ్ళు కట్టావా ఎప్పుడైనా?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. క్లాసులో చెప్పే పాఠమంతా ఆయన మీద గుమ్మరించేదాన్ని. ఢిల్లీవాళ్ళకి లేని గొడవ మీకెందుకంటూ అమ్మ ఇద్దర్నీ అన్నానికి లేపేది.

మా అక్కనిచ్చింది మా ఊరికి నీళ్ళొచ్చే మేజరు మీదే, మాకు పైనున్న ఊరికి. మేజరంటే పెద్ద కాలవలోంచి చీలి ఊళ్ళ మీదుగా వచ్చే పిల్లకాలవ. ముందు వాళ్ళ తూములకి పారాలి, మిగిలితే మాకు. సంబంధం చూడ్డానికి వెళ్ళినప్పుడు నాన్న పెళ్ళికొడుకు కంటే ముందు ఆ కాలవ గట్టునే చూసొచ్చాడట. తన కూతురు మబ్బుల వంక చూస్తూ బతకకూడదన్నది ఆయన కోరిక. అది తీరిందనే మేమంతా అనుకున్నాం. వానలు సరిగ్గా లేని ఏడు కూడా అక్క వాళ్ళ చేను పచ్చగానే ఉండేది.

ఒక కరువు ఏడు కేంద్ర మంత్రి ఒకాయన మా ఊరొచ్చాడు. పై దేశాల్లో పాఠాలు చెప్పి వచ్చిన పండితుడని పేరు. తెలుగు రాదు. ఆయన ఇంగ్లీషును ఊరివాళ్ళకి తెలుగులో చెప్పడానికి నన్ను పిలిపించారు. బడి వరండాలో కూర్చుని, రైతులు చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. నారు ఎప్పుడు పోస్తారు, మొక్క ఎప్పుడు నాటతారు, ఎన్నాళ్ళకొకసారి తడి పెట్టాలి, అన్నీ అడిగి తెలుసుకున్నాడు. చివర్లో మెల్లగా, ఏ దాపరికం లేకుండా చెప్పాడు. డ్యాములో నీళ్ళు తగ్గుతున్నాయి, ఈ చివరి భూములకి కాలవ నీళ్ళు ఇక నమ్మకంగా రావు, మిరప మానుకుని కంది, కొర్ర లాంటివి వేసుకోండి అని. ఆ మాటలు నేనే తెలుగులో చెప్పాను. ఎదురుగా మా నాన్న కూర్చుని ఉన్నాడు.

"కంది వేస్తే కౌలు ఎట్టా కట్టాలో కూడా చెప్పమనమ్మా" అన్నాడు మా వీధి బాబాయి ఒకాయన. మంత్రి తలూపి, అది తప్పకుండా ఆలోచించాల్సిన విషయమేనన్నాడు. కార్లు వెళ్ళిపోయాయి. ఆ ఆలోచన ఎందాకా వచ్చిందో మాకు మళ్ళీ ఎవరూ చెప్పలేదు.

అయినా నేను ఆయన పక్షమే. అబద్ధం చెప్పని మంత్రిని కళ్ళారా చూశానని కాలేజీలో గొప్పగా చెప్పుకున్నాను. నాన్న మాత్రం ఆ పూట అన్నం తినలేదు. "నిజమే చెప్పాడు, కాదన్ను. రోగం పేరు చెప్పి లేచిపోయే డాక్టరు నాకెందుకే?" అన్నాడు.

తర్వాతి ప్రభుత్వంలో వచ్చిన కేంద్ర మంత్రి ఇంకో రకం. మన తెలుగాయనే. రోడ్ల పనులు చేయిస్తూ పైకొచ్చాడని, మాటంటే చేసి చూపిస్తాడని చెప్పుకునేవారు. ఆయన మా ఊరొచ్చిన ఏడూ వానలు అంతంతమాత్రమే. అయినా మావాళ్ళు మిరప మొక్క నాటేశారు. మా వైపు ఎప్పుడూ చేసే తప్పే ఇది. కాలవలో నీళ్ళు కనబడకముందే, వస్తాయన్న మాట మీద మొక్క పెడతారు. మంత్రి వచ్చేసరికి పూత రాలిపోతోంది. ఆయన వేదిక దిగి చేలోకి నడిచాడు, మట్టి చేత్తో నలిపి చూశాడు. అక్కడికక్కడే ఎవరో అధికారికి ఫోను కలిపి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు. "నాకు కారణాలొద్దు. ఈ ఊరికి నీళ్ళు కావాలి" అన్నాడు. జనం ఈలలు వేశారు.

నీళ్ళు వచ్చాయి. నిజంగానే వచ్చాయి. నేను సెలవు పెట్టి మరీ చూడ్డానికి వెళ్ళాను. నాన్న పంచె ఎగ్గట్టి కాలవలో దిగి, దోసిలి పట్టి మొహం మీద చల్లుకుంటున్నాడు. "ఏందే, ఇప్పుడు చెప్పు నీ పాఠం" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఓడిపోయినందుకు నాకేమీ బాధ కలగలేదు. ఆయన్ని అంత సంతోషంగా చూసి ఎన్నాళ్ళయిందో! ఆ మంత్రి మళ్ళీ మా దారిన వెళ్తుంటే కారు ఆపించి మొదటి దండ వేసింది మా నాన్నే.

ఆ రోజుల్లోనే అక్క నాన్నకి ఫోను చేసింది. తమ ఊరి తూములన్నీ మూసేశారనీ, గట్టు మీద పోలీసుల్ని కాపలా పెట్టారనీ, చేను వాడిపోతోందనీ చెప్పింది. "వంతులు పెట్టుంటార్లే అమ్మా, కాస్త ఓర్చుకోండి" అన్నాడట నాన్న. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

చేను బాగా కాసింది, తొలి కోత కోశారు. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. తొలి కోతలో ఎర్రగా పండిన కాయల్ని ఎండబెట్టకముందే, పెళ్ళైన ఆడపిల్లకి పచ్చడి కోసం ఇచ్చి రావాలి. ఇంకొకరి చేత పంపకూడదు, తండ్రే మోసుకెళ్ళాలి. నాన్న మంచి కాయలు ఏరి గంపకెత్తాడు. ఆటోలో నేనూ వెంట వెళ్ళాను.

అక్క వాళ్ళ పొలిమేరలోకి వచ్చేసరికి మా మాటలు ఆగిపోయాయి. రోడ్డుకి రెండు పక్కలా మిరప చేలు నిలువునా ఎండి ఉన్నాయి. ఉన్న నాలుగు కాయలూ తాలుపోయి తెల్లబడ్డాయి. ఇంటికి వెళ్తే బావ లేడు. సత్తెనపల్లిలో మిల్లు పనికి వెళ్ళాడని అక్క చెప్పింది. నీళ్ళున్న ఊరని ఏరికోరి ఇచ్చిన సంబంధం అది.

అక్క గంప వంక చూసింది. "మా నీళ్ళతో కాసిన కాయలు మాకే తెచ్చావా నాన్నా?" అంది.

"పైన మూశారని నాకు తెలవదమ్మా."

"నేను ఫోన్ చేసి చెప్పాగా. ఓర్చుకోమన్నావు. నీళ్ళు యాడ నుంచి వచ్చినయ్యో ఎవుర్నన్నా అడిగావా?"

నేనేదో సర్దిచెప్పబోయాను. అక్క నా మీదికి తిరిగింది. "నువ్వు ఊరుకోవే. నీళ్ళు చాలవని నీ చదువుల మంత్రి ముందే చెప్పాడుగా. అంత తెలిసినోడు ఒక దారి చూపించి పోగూడదా? ఉత్తినే చెప్పి పోయాడు. ఈయనొచ్చి మా నోటికాడ కూడు లాక్కుని మీకు పెట్టాడు. మీరిద్దరూ టీవీ ముందు కూచుని పోట్లాడుకోండి ఇంక."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళు వాదించుకున్నాం గానీ, అందులో అక్క వాళ్ళ ఊరి ఊసు ఒక్కసారీ రాలేదు. కాసేపటికి అక్కే, "కోపం వచ్చిందని అన్నం పెట్టకుండా పంపిస్తానా, కూచోండి" అంది. నాన్న కంచం ముందు కూర్చున్నాడు. కలిపిన ముద్ద నోటిదాకా రాలేదు. మా నాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే. అక్క చూడనట్టు మజ్జిగ కోసం లోపలికి వెళ్ళింది. గంప మాత్రం తీసుకోలేదు. తిరుగు ప్రయాణంలో అది ఆటోలో మా కాళ్ళ దగ్గరే ఉంది.

మొన్నామధ్య మళ్ళీ మీటింగు పెట్టారు. ఈసారి వచ్చిన కేంద్ర మంత్రికి చదువూ ఉంది, పని చేయించే సత్తా కూడా ఉందన్నారు. నాన్నకి ఇప్పుడు కర్ర లేనిదే నడక లేదు. ఇంట్లో ఉండమంటే వినకుండా నా చెయ్యి పట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఈ ఊళ్ళో చివరి మడి దాకా నీళ్ళు తెచ్చే పూచీ తనదని మంత్రి అన్నాడు. చప్పట్లు మోగాయి. నాన్న కర్ర ఊతంతో లేచి నిలబడ్డాడు. "కూచో పెద్దాయనా, కనపడట్లా" అని వెనకవాళ్ళు అరిచారు. ఆయన కూర్చోలేదు. చేతిలో మైకు లేదు, గొంతులో బలమూ లేదు. ఆ చప్పట్లలో ఆయన మాట వేదిక దాకా వెళ్ళలేదు. పక్కనున్న నాకు మాత్రం వినబడింది.

"అయ్యా, మా పెద్దమ్మాయి వాళ్ళ ఊరికి ఆపి కాదు గదా?"