వార్మర్ కింద ఆరిన కార్డులు

పొద్దున డ్యూటీ ఎక్కగానే ఆమె చేసే మొదటి పని, వేడినీళ్ల గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని కిటికీ దగ్గర నిలబడటం. తాగదు. చేతులు వెచ్చబడ్డాక ఆ నీళ్లు సింకులో పారబోసి పసిబిడ్డల వార్డులోకి అడుగుపెడుతుంది. చల్లటి చెయ్యి తగిలితే బిడ్డ కాలు ముడుచుకుంటుంది, రక్తం సరిగా రాదు.

పుట్టిన మర్నాడో ఆ మర్నాడో ప్రతి బిడ్డ మడమ పక్కన సన్నగా గుచ్చి, నాలుగు చుక్కల రక్తం దళసరి కాగితపు కార్డు మీద అద్దడం ఆమె పని. పైకి నిక్షేపంగా కనబడే బిడ్డ ఒంట్లో పుట్టుకతో వచ్చిన లోపమేదైనా దాగి ఉంటే, ల్యాబులో ఆ చుక్కలు దాన్ని బయటపెడతాయి. అందుకే వార్డంతా ఆమెను మడమక్క అంటారు. ఇంట్లో భర్త మాత్రం, "ఇవాళ ఎంతమంది పసివాళ్ల ఉసురు పోసుకున్నావు?" అంటాడు.

"నీది తప్ప అందరిదీ" అంటుందామె చెప్పులు విప్పుతూ.

తన చేతి మీద ఆమెకు గట్టి నమ్మకం. పనికిరాదని ల్యాబు ఆమె కార్డును తిప్పి పంపిన దాఖలా లేదు, ఆ వానల వారం దాకా.

ఆ వారం గోడలకే చెమట పట్టింది. బల్ల మీద పరిచిన కార్డులు ఎంతకీ ఆరవు. మధ్యాహ్నానికి కార్డులు పట్టుకెళ్లే ల్యాబు బండి వచ్చేస్తుంది. మడమక్క చూపు బిడ్డల్ని వెచ్చగా ఉంచే వార్మర్ మీద పడింది. ఆ పూట అది ఖాళీగా ఉంది. పసిబిడ్డ ఒంటికి పనికొచ్చే వెచ్చదనం కాగితానికి పనికిరాదా అనుకుని మూడు కార్డులు దాని కింద పరిచింది. చక్కగా ఆరాయి.

రెండు రోజులకు ల్యాబు మేడమ్ ఫోన్ చేసింది.

"అక్కా, నీ కార్డులు మూడూ ఒకే లోపం చూపిస్తున్నాయి. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము కనబడట్లేదు. వేలల్లో ఒక్కరికి ఉంటే గొప్ప. ఎక్కడ ఆరబెట్టావు వీటిని?"

మడమక్క ఉన్నమాట చెప్పింది. "వార్మర్ కింద."

"అయ్యో అక్కా! వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది. మళ్లీ తీసి పంపు. ఫలితం వచ్చేదాకా ముగ్గురికీ తల్లిపాలు ఆపించు. ఏమో, ఒక్కరిదైనా నిజమైతే?"

మొదటి రెండిళ్లవాళ్లూ చెడామడా తిట్టి, ఒప్పుకున్నారు. మూడో ఇల్లు ఆస్పత్రి వెనక వీధిలో, మేడ మీద. తలుపు తీసింది బాలింత అత్తగారు. మడమక్క ఏదీ దాచకుండా చెప్పింది. చెప్పాక గానీ తెలియలేదు, ఆ నిజమే తనకు అడ్డొస్తుందని.

"అంటే తేడా నీ వార్మర్‌ది, మా మనవరాలిది కాదు. మరి దాని నోటి దగ్గర పాలు లాగేస్తావేం?"

"తప్పు నాదే పెద్దమ్మా. నా తప్పు చాటున జబ్బు దాక్కుని ఉంటే?"

"తల్లిపాలు విషమనడానికి నీకు నోరెలా వచ్చింది?"

"అందరికీ అమృతమే. ఈ లోపమున్న బిడ్డకు మాత్రం కాలేయాన్ని తినేస్తాయి."

లోపలి గదిలోంచి బాలింత బిడ్డను భుజానేసుకుని వచ్చింది. భుజం మీది గుడ్డ తడిసి ఉంది.

"కక్కుతోందా?" అడిగింది మడమక్క.

"పిల్లలన్నాక కక్కరా? నా కొడుకు కక్కీ కక్కీ అంతవాడయ్యాడు" అంది అత్తగారు.

"తాగినప్పుడల్లా కక్కుతోందక్కా" అంది బాలింత నేలచూపులు చూస్తూ. "ఇవాళ లేపినా లేవట్లేదు."

మడమక్క బిడ్డను వెలుగులోకి తిప్పింది. రెప్ప ఎత్తి చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి. ఆమె అత్తగారి వైపు తిరిగింది.

"పెద్దమ్మా, నా మాట తప్పయితే పోయేది రెండు రోజుల పాలు. మళ్లీ పడతాయి. అప్పుడు వార్డు మధ్యలో నిలబెట్టి నన్ను దులిపెయ్యండి, నోరెత్తను. నిజమైతే మాత్రం ఈ రెండు రోజులే బిడ్డకు ప్రాణం. పదండి, డాక్టరు చూస్తారు."

అత్తగారు కోడలి వంక గుర్రుగా చూసింది. కోడలు అప్పటికే చెప్పులు వేసుకుంది.

"అలా చూస్తారేం అత్తయ్యా, గొడుగు పట్టండి."

ఆస్పత్రిలో బిడ్డకు పాల చక్కెర లేని సోయా పాలపొడి కలిపి పట్టారు. మడమక్క ముగ్గురికీ మళ్లీ రక్తం తీసింది. కార్డుల్ని గాలి తగిలేలా పరిచి, బండి వెళ్లిపోతున్నా కదల్లేదు. అవి ఆరాక తనే బస్సెక్కి ల్యాబులో ఇచ్చి వచ్చింది.

ఇద్దరు బిడ్డలకు ఏమీ లేదు. మేడ మీది బిడ్డకు ఉంది. కక్కడం రెండు రోజుల్లో ఆగింది, పచ్చదనం పోవడానికి మాత్రం చాన్నాళ్లు పట్టింది.

బిడ్డను ఇంటికి తీసుకెళ్లే రోజున అత్తగారు వార్డులో మడమక్కను పట్టుకుంది. "నిన్ను దులిపే అవకాశం లేకుండా చేశావు కదమ్మా!"

"మీరు బెంగపడకండి పెద్దమ్మా. మిగతా రెండిళ్లవాళ్లూ మీ వంతు కూడా దులిపారు."

ఆ పిల్ల ఇప్పుడు బడికి వెళ్తోంది. పాలు, పెరుగు ముట్టదు. మడమక్క అదే వార్డులో హెడ్ నర్సు. చుట్టుపక్కల ఆస్పత్రుల్లో కొత్తగా చేరిన నర్సులకు రక్తం తీయడం, కార్డులు ఆరబెట్టడం ఆమే నేర్పుతోంది.