దర్వాజ దాటని అల్మారా

కోరుట్లలో మా మేనమామ పోయిన కబురు నాకు సిరిసిల్లలో, మరమగ్గాల చప్పుడు మధ్య అందింది. ఫోన్‌లో అత్తమ్మ మాట సరిగ్గా వినపడక "ఏమైందత్తమ్మా?" అని మూడుసార్లు అడిగాను. ఆ మాట ఆమె చేత మూడుసార్లు చెప్పించినందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మామ వడ్రంగి. నలభై ఏళ్ళు పెళ్ళి మంచాలు, బీరువాలు, డ్రెస్సింగ్ టేబుళ్ళు చేశాడు. ఏ ఇంట్లో చూసినా అవే నాలుగు పలకలు, మంచం తలవైపు అదే నెమలి. "కండ్లు మూసుకొని చేస్తున్న బిడ్డా. గీ కండ్లు ఎందుకున్నయో నాకే తెల్వదు," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ ఆ నవ్వులో ఊపిరాడని మనిషి ఉండేవాడు.

మా ఇంటికి వస్తే మంచినీళ్ళు తాగకముందే కుర్చీని ఊపి చూసి, కాలి కింద చెక్కముక్క దూర్చేవాడు. అన్నం తినేటప్పుడు కూడా చెవి మీది పెన్సిల్ తీసేవాడు కాదు.

మూడేళ్ళ కిందట నేనే ఆయన మనసు చెడగొట్టాను. ఫోన్‌లో ఇటలీ బీరువాల, బల్లల బొమ్మలు చూపించాను. నలభై ఏళ్ళ కిందట అక్కడ కొందరు చేసిన అల్లరి అది: ఒరిగిన అరలు, లడ్డూల్లాంటి కాళ్ళు, గులాబీ రంగు పక్కన పచ్చ, దాని మీద నల్లచుక్కలు. తిడతాడనుకున్నాను. ఫోన్ లాక్కుని చాలాసేపు చూశాడు.

"గీళ్ళను ఎవలూ తిట్టలేదా?"

"తిట్టిండ్రు మామా. నవ్విండ్రు గూడ."

"అయినా చేసిండ్రు గదా!"

దుకాణంలో చేస్తే నవ్వుతారని, అలాంటిదే ఒకటి ఇంట్లో నడిమి అర్రలో మొదలుపెట్టాడు. ఆ గదికి రోడ్డు వైపున్న కిటికీ మూసేశాడు. మనిషెత్తు అల్మారా, రెండు పక్కలా చేతులు చాచినట్టు వంకర అరలు. ఒక్క మేకు లేదు, అంతా చెక్కలో చెక్క దించి జిగురు పట్టించిందే. జగిత్యాలలో నా స్నేహితురాలు చాయ్ హోటల్ తెరుస్తూ, గల్లా పక్కనే పెడతానంది. పదిమందీ చూస్తారని మామతో అన్నాను. ట్రాలీ ఆటో వచ్చిన రోజు మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

అల్మారా వీధి దర్వాజలో పట్టలేదు. బీరువాలకు అలవాటైన చెయ్యి అడుగు వెడల్పు మాత్రమే కొలిచింది. బీరువాకు కింద ఎంతో పైనా అంతే కదా! నిలబెట్టారు, పడుకోబెట్టారు, తలకిందులు చేశారు. రాలేదు.

"దర్వాజ ఇప్పుదాం," అన్నాను. ఆ దర్వాజ చౌకట్టు మామ చేతిదే, ఇల్లు కట్టేటప్పుడు పూజ చేసి ఎత్తింది. అత్తమ్మ అడ్డం నిలబడింది.

"లక్ష్మి నిలిచిన కడప. ఇప్పితే ఇంట్ల ఏం మిగుల్తది?"

"పక్క అరలు కోసేద్దామా?" అన్నాడు డ్రైవర్. మామ అతని వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. ట్రాలీ ఖాళీగా వెళ్ళిపోయింది. అత్తమ్మను మామ ఒక్క మాట అనలేదు.

తర్వాత మామకు పక్షవాతం. అదే అర్రలో, అల్మారాకు ఎదురుగా మంచం వేశారు. అప్పుడు కూడా కిటికీ తెరవనివ్వలేదు. "ఇద్దరం లోపల్నే చిక్కినం బిడ్డా," అన్నాడు, మాట తడబడుతూ. నాకు ఏడుపొచ్చింది, ఆయనకు నవ్వొచ్చింది.

పదకొండో రోజు కర్మ అయ్యాక అత్తమ్మ మామ శిష్యుణ్ణి పిలిచింది. ఇప్పుడతనే పెద్ద మేస్త్రీ.

"దర్వాజ ఇప్పు," అంది.

మేమంతా నోళ్ళు తెరిచాం. అతను చౌకట్టు మీద చెయ్యి వేశాడు. "ఆయన పెట్టిన దర్వాజ అక్కా. నా చేతులు రావు," అన్నాడు.

"మంచంల పడ్డంక ఒక్కసారి అడిగిండు, ఇప్పిస్తవా అని," అంది అత్తమ్మ. "లేసి నడువు, అప్పుడు సూద్దాం అన్న. గట్లనే పోయిండు."

ఆమె అర్రలోకి వెళ్ళి, బిగుసుకుపోయిన కిటికీ రెక్కలను రెండు చేతులతో గుద్ది తెరిచింది. రోడ్డున పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు అల్మారాను చూసి ఆగిపోయారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. నేను రెక్క మూయబోయాను.

అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నవ్వనియ్యి. సూడనియ్యి."

ఆ ఇద్దరి వెనక ఇంకో ముగ్గురు చేరారు. కిటికీ చువ్వలు పట్టుకుని, మెడలు చాచి లోపలికి చూస్తున్నారు.