అతుకు లెక్క, నేత లెక్క

నా చిన్నప్పుడు సోలాపూర్ భవాని పేటలో కోడి కూత వినిపించేది కాదు. కోళ్ళు లేక కాదు. మగ్గాల చప్పుడులో తాము కూసిన సంగతి వాటికే తెలిసేది కాదు. ఈ మాటలో కొంత కల్పన ఉందని మా ఇంట్లోవాళ్ళు అంటారు. ఉంటే ఉండనివ్వండి. మా మేనమామ చేతిలో పెరిగినదాన్ని, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు పెద్దగా అబ్బలేదు. అయితే ఇప్పుడు చెప్పబోయేదాంట్లో దుప్పటి నిజం, కత్తెర నిజం, లెక్క అంతకన్నా నిజం.

మావాళ్ళు తెలంగాణ నుంచి బతుకుతెరువుకని వచ్చిన నేతగాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కోపం వస్తే రెండూ. బడి చదువు మాత్రం అంతా మరాఠీలోనే. అందుకే బీజగణితం మొదలైనప్పుడు అక్షరాలు కూడా మరాఠీ వరుసలోనే వచ్చాయి: అ, బ, క, డ. పేటలో అంతదాకా చదివిన ఆడపిల్లలు తక్కువ. నన్ను చదివించడం మా నాయినకు కొంత గర్వం, చాలావరకు నష్టం. ఎందుకంటే అతుకుడు పనిలో నాకు పేరుండేది.

అతుకుడు అంటే, నిలువు పోగుల పడుగు ఒకటి నేత ముగియవచ్చినప్పుడు మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను కలపడం. వేళ్ళకు బూడిద అద్దుకుని రెండు కొసలనూ మెలిపెడితే అతుకు ఎక్కడుందో కంటికి ఆనదు. మొదటి పోగుకు మొదటిది, దాని పక్కదానికి పక్కది, చివరిదానికి చివరిది. వరుస తప్పితే చారలన్నీ చెదిరిపోతాయి. నేను వరుస తప్పేదాన్ని కాదు. కళ్ళు మూసుకుని అతికేదాన్నని చెప్పుకునేదాన్ని. నిజానికి ఒక కన్నే మూసేదాన్ని.

అంతటిదాన్ని గుణకారం దగ్గర బోల్తా పడ్డాను. గురూజీ నల్లబల్ల మీద రెండు బ్రాకెట్లు పక్కపక్కన రాశారు: (అ + బ)(క + డ). నేను ఏమాత్రం ఆలోచించకుండా అక + బడ అని రాసి, అందరికన్నా ముందు పలక ఎత్తాను. తప్పన్నారు. ఆయన మంచి మనిషి, విసుగు తెలియనివాడు. ఇందులోని ప్రతి పదాన్నీ అందులోని ప్రతి పదంతోనూ గుణించాలమ్మా అని ఎన్నిసార్లు చెప్పారో. తల ఊపేదాన్ని. మళ్ళీ పలక పట్టగానే చెయ్యి దానంతటది రెండు ముక్కలు రాసి ఊరుకునేది.

సంగతి మా నాయిన చెవిన పడింది. ఆయన అరిచే మనిషి కాదు. అన్నం ముందు కూర్చుని నెమ్మదిగా అన్నాడు: "చూడు బిడ్డా, ఈ పరీక్షల నాపాసైతే బడి బంద్. ఇంట్ల అతుకుడు పని ఉండనే ఉన్నది." అరిస్తే ఏడ్చి బతిమాలుకునేదాన్ని. అలా నెమ్మదిగా చెప్పిన మాటకు ఎదురు లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

పరీక్ష ముందర ఒక మధ్యాహ్నం, పక్క గదిలో ఉండే మా మేనమామ మగ్గం మీద పడుగు అయిపోయింది. అతకడానికి నన్నే కూర్చోబెట్టారు. పక్కన పలక పెట్టుకుని, ఒక చేతి బూడిద దులపకుండానే లెక్క చేయడం, తుడవడం, మళ్ళీ చేయడం. నా ముక్కు ఎగబీల్పులు మామకు వినిపించినట్టున్నాయి.

"ఏందే కోడలా, పోగులు తడుస్తున్నయ్. గంజి తక్కువైందని ఏడుస్తున్నవా?"

నా బాధ చెప్పాను. ఆయనకు బీజగణితం తెలియదు, తెలిసినట్టు నటించనూ లేదు. "నువ్వెట్ల చేస్తవో చేసి చూపెట్టు" అన్నాడు. చూపించాను. మొదటిదానికి మొదటిది, చివరిదానికి చివరిది. ఆయన నా పలకను, ఒళ్ళో ఉన్న పోగులను మార్చి మార్చి చూశాడు. తప్పు అనలేదు.

"అరె వా! ఎంత మంచిగ అతికినవే!"

తర్వాత మగ్గానికి ఆనుకుని కథ ఎత్తుకున్నాడు. "మా తాత ఊర్ల ఒకాయన ఉండె. ఆయన పడుగుల ఎర్ర పోగులు, నల్ల పోగులు. అడ్డం పేకకు పసుపు, తెలుపు. ఎర్రది పసుపుతోటే కలవాలె, నల్లది తెలుపుతోటే కలవాలె, వేరేదాన్ని ముట్టొద్దు, గట్ల నేసిండు. ఆ చీర కట్టుకొని దొరసాని వాకిట్లకొచ్చి తుమ్మింది. అంతే! చీర ముక్కలు ముక్కలై ఈడ మన సోలాపూర్ కొంతం చౌక్ దాక ఎగిరింది."

"అబద్ధం! మీ తాత ఊరికెల్లి కొంతం చౌక్ దాక ఎట్లొస్తది మామా?"

"గాలి పెద్దగుండె."

"గాలి సంగతి ఇడిసిపెట్టు. పసుపు పోగు ఈ కొసకెల్లి ఆ కొసకు పోవాలె గదా? నడుమ నల్ల చార ఉంటది. దాన్ని దాటకుండ ఎట్ల పోతది?"

"దాటనియ్యలే ఆయన."

"మరి ఆడ ఏముంటది?"

మామ లేచి వెళ్ళి తన దుప్పటి తెచ్చాడు. షావుకారు పనికి మిగిలిన రంగు నూలుతో, తనకోసమని నేసుకున్న దుప్పటి అది. జీవితమంతా ఊరివాళ్ళకు నేసిన మనిషికి సొంతానికి ఉన్నది అదొక్కటే. నిలువునా ఎరుపు, నలుపు చారలు, అడ్డంగా పసుపు, తెలుపు. అరచేయంత గళ్ళు. కత్తెర తీసుకుని, నేను వద్దనేలోపు, దాని మూలన నాలుగు గళ్ళ ముక్క కత్తిరించేశాడు. నేతగాడు నేసిన బట్టకు కత్తెర పెట్టడం నేనంతకుముందు చూడలేదు. 

"చెప్పు. ఎర్ర చార మీద పసుపు, ఇది నీ పలక మీద ఉన్నదా?"

"ఉన్నది. ఎరుపు అ, పసుపు క. అక."

"నల్ల చార మీద తెలుపు?"

"బడ. ఉన్నది."

"ఎరుపు మీద తెలుపు?"

పలక వైపు చూశాను. లేదు. ఆ గడిని కత్తిరించి పారేశాడు. నలుపు మీద పసుపు? అదీ లేదు. అదీ పోయింది. మిగిలిన రెండు గళ్ళు మూల మూల తగిలి ఒక్క పోగు మీద వేలాడాయి. మామ ఉఫ్ అని ఊదాడు. నా చేతిలో ఒకటి, నేల మీద ఒకటి.

"బఘ్, చూడు! దొరసాని చీర ఇదే. నువ్వు అతికినవ్ బిడ్డా. ఆడ నేసేది ఉండె."

అప్పుడు గురూజీ మాట మొదటిసారి నాకు వినిపించింది. ప్రతి పదాన్నీ ప్రతి పదంతోనూ. పేక పోగు తనకు నచ్చిన చారను మాత్రమే పలకరించి పోవడానికి లేదు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఎదురైన ప్రతిదాన్నీ దాటుకుని పోవాలి. నేల మీద పడ్డ గళ్ళను ఏరి, నాలుగింటినీ పలక మీద పేర్చి, ఒక్కోదాని కింద రాసుకున్నాను: అక, అడ, బక, బడ.

దుప్పటి బొక్కను మా అత్త మర్నాడే పట్టుకుంది. ఎలుక కొట్టిందన్నాడు మామ. "గింత నలుచదరంగ కొరికే ఎలుక ఏడున్నదయ్యా?" అని ఆమె. "చదువుకున్న ఎలుక" అని ఆయన. ఆ చలికాలమంతా ఆ బొక్కలోంచి కాలు బయటపెట్టి పడుకున్నాడు. నా మీద మాత్రం మాట రానివ్వలేదు.

పరీక్షలో ఒక బ్రాకెట్టులో మూడు పదాలు, ఇంకోదాంట్లో రెండు వచ్చాయి. కాగితం మూలన మూడు నిలువు చారలు గీసి, వాటికి అడ్డంగా రెండు గీసి, ఏ గడీ ఖాళీ లేకుండా నింపి ఆరు పదాలూ రాశాను. పాసయ్యాను. మా నాయిన ఆ సంగతి విని మగ్గం ఆపకుండానే అన్నాడు: "సరే, బడికి పో. అతుకుడు ఆదివారం చేద్దువు." ఆయన అంతకన్నా మెచ్చుకోవడం నేనెరగను.

ఆదివారం అతుకుడు, మిగతా రోజులు బడి, అలా సాగి సాగి నన్ను ఆడపిల్లల బడిలో లెక్కల పంతులమ్మను చేశాయి. మామ దగ్గర నేర్చుకున్నది గుణకారం మాత్రమేనని చాలాకాలం అనుకున్నాను. కాదు. ఆయన నా పలక చూసి ముందు మెచ్చుకున్నాడు. నా చెయ్యి తెలివితక్కువది కాదని, ఒక పని బాగా వచ్చిన చెయ్యి ఇంకో పని దగ్గర కూడా అదే చేసిందని కనిపెట్టాడు. తప్పు జవాబుకు కూడా ఎక్కడో ఒక పుట్టిల్లుంటుంది. అక్కడ అది ఒప్పే.

ఇప్పటికీ నా తరగతిలో ఏ పిల్లయినా లెక్క తప్పు చేసి తల దించుకుని నిలబడితే, సుద్దముక్క పక్కన పెట్టి ముందు ఒక్కటే అడుగుతాను: "ఇంట్ల ఏం పని చేస్తవ్ బిడ్డా?"