నేను సగమే చెప్పిన పాఠం

మా ఇంట్లో ఫోన్ ఎత్తకపోవడం పెద్ద నేరం. గాలివానలో ఎవరైనా బయలుదేరారని తెలిసి, వాళ్ళ ఫోన్ పలక్కపోతే నా పై ప్రాణాలు పైనే పోతాయి. మరుక్షణం నోరు లేస్తుంది. ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పడతాను. బందరులో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పే మనిషిని, స్టాఫ్ రూములో నెమ్మదైనదాన్నని పేరు. ఇంట్లో వాళ్ళని అడిగితే ఆ పేరు ఎంత నిజమో చెబుతారు.

తొలకరి రోజుల్లో ఒక సాయంత్రం మా అమ్మాయి గుడివాడలో బస్సెక్కింది. అక్కడే దాని అత్తవారిల్లు. అప్పటికి ఐదో నెల. బస్సెక్కానని ఫోన్ చేసిన కాసేపటికి ఆకాశం నల్లబడింది, చెట్లు ఊగడం మొదలైంది. ఫోన్ చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేస్తే మళ్ళీ అదే. నేను ఆగలేక వియ్యపురాలికి చేశాను. ఆవిడ "చెప్పండి వదినగారూ" అనేలోపే, కడుపుతో ఉన్న పిల్లని ఈ గాలిలో ఒంటరిగా ఎలా పంపారని, మీ ఇంట్లో బుద్ధున్నవాళ్ళు ఎవరూ లేరా అని నోటికొచ్చినట్టు అరిచేశాను. కాసేపటికి మా అమ్మాయి జామకాయల సంచీతో లోపలికొచ్చి, చార్జింగ్ అయిపోయిందమ్మా అంది.

ఆ ఆదివారం వియ్యపురాలు మా ఇంటికి భోజనానికి వచ్చింది. ముందే అనుకున్న రాక కాబట్టి మానుకోలేదు, అంతే. మా అమ్మ కూడా కంటి పరీక్ష కోసం అవనిగడ్డ అవతల మా ఊరి నుంచి వచ్చి ఉంది. నేను వియ్యపురాలికి క్షమాపణ చెప్పుకుంటే సరిపోయేది. నాకు అది చేతకాలేదు. దానికి బదులు పాఠం చెప్పాను.

ఆ వారమే క్లాసులో ఎపిజెనెటిక్స్, అంటే అనుభవాలు జన్యువుల మీద వేసే గుర్తుల సంగతి, చెప్పి ఉన్నాను. చెబుతున్నప్పుడే నాకు లోపల ఒక సంతోషం. ఇన్నాళ్ళకి నా కోపానికి ఒక పెద్ద పేరు దొరికింది. మా దివిసీమను ఉప్పెన ముంచేసినప్పుడు నేను అమ్మ కడుపులో ఉన్నాను. కొట్టుకుపోతున్న ఇంటికప్పు పట్టుకుని అమ్మ బతికింది. చంకలో ఉన్న మా అక్క బతకలేదు. అమ్మ ఈ విషయం ఎప్పుడూ ఎత్తదు, మేమూ ఎత్తం. మా ఇంట్లో అదొక అలవాటుగా ఉండిపోయింది.

ఆ రోజు అన్నాల దగ్గర నేనే ఎత్తాను.

"అది నా కోపం కాదండీ వదినగారూ, నేను పుట్టకముందు పట్టింది" అని మొదలుపెట్టాను. భయం వేసినప్పుడు ఒంట్లో కొన్ని హార్మోన్లు పొంగుతాయి, భయం తీరాక అవి తగ్గాలి, తగ్గించే పనికి కొన్ని జన్యువులు ఉంటాయి అని చెప్పాను. తల్లి తట్టుకోలేనంత ఒత్తిడిలో పడితే కడుపులో బిడ్డ జన్యువుల మీద చిన్న చిన్న రసాయనపు గుర్తులు పడతాయి, జన్యువులో అక్షరం మారదు కానీ గుర్తు పడిన చోట ఒళ్ళు దాన్ని సరిగా చదువుకోదు అన్నాను. వియ్యపురాలు పెడన కలంకారీ చీర కట్టుకుంది. ఆవిడ కొంగు చేతిలోకి తీసుకున్నాను. "చూడండి, బట్టంతా ఒకే నూలు. పటిక అద్దిన చోటే ఎరుపు పట్టింది, మిగతా చోట పట్టలేదు. మా అమ్మ కడుపులో నాకు ఉప్పెన ఆ పటిక అద్దింది."

"అయితే ఇంక పోదన్నమాట" అందావిడ.

"పెడన రంగు పోతుందాండీ? చీర చిరుగుతుంది గానీ రంగు పోదు."

అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, నన్ను క్షమించినట్టే నవ్వింది. అమ్మ మనవరాలి పక్కన కూర్చుని, చేపముక్కలో ముళ్ళు తీసి దాని కంచంలో పెడుతోంది. ఆ చెయ్యి మధ్యలో ఆగింది. తీసిన ముక్కని అమ్మ మళ్ళీ తన కంచంలోనే పెట్టుకుంది. నేను చూశాను. పాత సంగతి గుర్తొచ్చి మనసు కదిలిందనుకున్నాను. నా పాఠం అంత బాగా కుదిరిందని కూడా అనుకున్నాను.

క్లాసులో పిల్లలకి ఈ పాఠం మొత్తం చెప్పాను. ఇందులో గట్టిగా తేలింది చాలావరకు ఎలుకల్లోనే అని, మనుషుల సంగతి ఇంకా తేలాల్సి ఉందని చెప్పాను. ఆ గుర్తుల్లో చాలా వాటికి మారే గుణం ఉందని చెప్పాను. తల్లి ఎలుక ఎక్కువగా నాకి, ఒళ్ళు సవరించి పెంచిన పిల్లలకి భయం తొందరగా దిగుతుందని, ఆ సాకడం కూడా జన్యువుల మీద గుర్తులు వేస్తుందని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. అన్నాల దగ్గర ఆ సగం నాకు గుర్తు లేక కాదు. ఆ సగం చెబితే నా అరుపుకి సాకు మిగలదు.

శ్రావణంలో గుడివాడలో మా అమ్మాయికి సీమంతం చేశారు. మేడ మీద షామియానా వేసి, పిల్లని పీట మీద కూర్చోబెట్టారు. మొదటి గంధం ఇంటి పెద్ద ముత్తైదువ రాయాలి. అంటే మా అమ్మే. నాన్న కింద వరండాలో మగవాళ్ళతో కబుర్లు చెబుతున్నారు. అమ్మ వెనక్కి తగ్గడానికి ఏ కారణమూ లేదు. పిలిస్తే, మోకాళ్ళు పట్టేశాయి, మీరు కానివ్వండి వదినా అని వియ్యపురాలిని పంపింది. గాజులూ తొడగలేదు. చివరికి అక్షింతలు కూడా దూరం నుంచే వేసింది. అంతసేపూ చేతులు కొంగు కింద దాచుకునే ఉంది.

నేనేం చేస్తాను? వంటింట్లోకి పిలిచి అరిచాను. "నీ మనవరాలికి గంధం రాయడానికి కూడా బరువైందా? అందరి ముందు నా పరువు తీశావు."

అమ్మ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"నువ్వేగదే చెప్పావు. నా భయం నీకంటుకుందన్నావు. పోదన్నావు. పెద్దదాన్ని చేతిలోంచి జారవిడిచాను. నిన్ను కడుపులోనే పాడుచేశాను. ఇంక దీని జోలికి నేనెందుకే? దాని బిడ్డన్నా బాగుండనీ."

నేను కోపంలో ఎన్నో మాటలు అన్నాను, అవన్నీ పక్కవాళ్ళకి తగిలి పోయాయి. పోదన్న ఈ మాట మాత్రం కోపంలో అనలేదు. నవ్వుతూ, వడ్డించుకుంటూ అన్నాను. ఇన్నేళ్ళుగా ఎవరూ ఎత్తని సంగతిని నా ఫోన్ అరుపుకి అడ్డం పెట్టుకోవడానికి తీశాను. చనిపోయిన అక్కని కూడా వాడుకున్నాను. తలెత్తి అమ్మ మొహం చూడలేకపోయాను.

అక్కడే, గ్యాస్ పొయ్యి పక్కన నిలబడి మిగతా సగం చెప్పాను. ఎలుకల సంగతి చెప్పాను. గుర్తులు మారతాయని, తల్లి చెయ్యి కూడా గుర్తులు వేస్తుందని చెప్పాను. చెయ్యి వేస్తే అంటుకునేది కాదని, అసలు ఉప్పెన వల్లే నేనిలా తయారయ్యానని ఎవరూ తేల్చి చెప్పలేరని చెప్పాను. అమ్మ శ్రద్ధగా వింది. అంతా విని, "మరి ఆ రోజు అన్నాల దగ్గర ఇదేం చెప్పలేదేం?" అంది.

"మర్చిపోయానమ్మా" అన్నాను. అది అబద్ధం.

"నీ వీపు నేను తక్కువ రాశానా? గాలి లేచినప్పుడల్లా ఒళ్ళో పడుకోబెట్టుకుని రాసేదాన్ని. అయినా నీకు పోలేదుగా" అంది అమ్మ. నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

ఏ పుస్తకం తెచ్చి చూపించినా అమ్మకి రుజువు నేనే. నేను అరిచిన ప్రతిసారీ అమ్మ ఆ అరుపుని తన ఖాతాలో వేసుకుంటోంది. ఆ రోజు కూడా, ఆ వంటింట్లోకి పిలిచి మరీ ఇంకొకటి వేశాను.

దసరా వెళ్ళాక మా అమ్మాయి పురిటికి బందరు వచ్చింది. సాయానికి అమ్మా వచ్చింది. వంట చేసింది, పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు చేసింది, మనవరాలి మంచం దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. పాలగ్లాసు కూడా స్టూలు మీద పెట్టి పిలిచేది. పిల్లకి అర్థం కాక నన్ను అడిగింది. నేను మొత్తం చెప్పుకున్నాను. అది విని వంటింట్లో ఉన్న అమ్మమ్మ వైపు చూసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇంతలో వాయుగుండం అన్నారు. గిలకలదిండి రేవులో బోట్లన్నీ ఒడ్డుకి చేరాయి. మిట్టమధ్యాహ్నం దీపాలు వేసుకోవాల్సి వచ్చింది. అల్లుడు గుడివాడ నుంచి బండి మీద బయలుదేరానని చెప్పాడు, ఆ తర్వాత ఫోన్ లేదు. చేశాను. మళ్ళీ చేశాను. కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది. వియ్యపురాలి నంబరు మీదికి వేలు వెళ్ళింది, నోరు అప్పటికే సిద్ధంగా ఉంది. అప్పుడు అమ్మ కనిపించింది. ఇల్లంతా ఆకాశం వైపు చూస్తుంటే, ఉప్పెన చూసిన ఆ మనిషి నా మొహం వైపు చూస్తోంది.

ఫోన్ బోర్లించి మంచం మీద కూర్చున్నాను. గుండె దడ తగ్గలేదు. నోరు మాత్రం మూసుకున్నాను.

అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. అలవాటు చొప్పున వీపు మీద చెయ్యి వేసి, గుండ్రంగా రాయడం మొదలుపెట్టింది. "ఒక్కసారి అరుచుకోవే. లోపల దాచుకోకు" అంది.

మా అమ్మాయి మెల్లగా లేచి, నడుం పట్టుకుని వచ్చి అమ్మకి అటువైపు కూర్చుంది. "నాకూ రాయి అమ్మమ్మా" అంది.

అమ్మ చెయ్యి నా వీపు మీద ఆగింది. మనవరాలి వైపు చూడలేదు. నా వైపు చూసింది. చదువుకున్నదానివి కదా, రాయొచ్చా అని నన్ను కళ్ళతోనే అడిగింది.

నేను తల ఊపాను. అమ్మ రెండో చెయ్యి మనవరాలి వీపు మీద వేసింది. అల్లుడు తడిసి ముద్దై వచ్చేదాకా అమ్మ ఆ చెయ్యి తియ్యలేదు. మనవరాలి వీపు రాయడానికి కన్నతల్లి నా అనుమతి అడగాల్సి వచ్చింది.