ఇంజనమ్మ ఆపిన ఇంజను

రేవులో ఆవిణ్ణి అందరూ ఇంజనమ్మ అనే పిలిచేవాళ్లు. మొగుడు సరంగు పైన చుక్కాని దగ్గర, ఆవిడ కింద ఇంజను దగ్గర. ఏటి పాయ మీద ఈ గట్టు జనాన్ని ఆ గట్టుకు, ఆ గట్టు జనాన్ని ఈ గట్టుకు దాటించడమే పాతికేళ్లుగా వాళ్ల కాపురం. ఆయన పైన తాడు లాగితే కింద గంట మోగేది. ఒకటి కొడితే ముందుకు, రెండు కొడితే ఆపు, మూడు కొడితే వెనక్కి. ఇక మాటలతో పనేముంది? నాలుగో గంట పెట్టుకోకే వీళ్లకు పిల్లల్లేరని కొంటె వెధవలు కొందరు నవ్వుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడ్డ రోజు ఇంజనమ్మ మసిగుడ్డ మొహాన కప్పుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి ఇంజనుకు నూనె పోసింది.

ఇంతలో పాయ మీద వంతెన వచ్చింది. వారం తిరక్కుండానే పడవలో ఈగలు తోలుకునే పరిస్థితి వచ్చింది. అప్పుడు సముద్రం అవతల పరాయి రేవులో వెల్డింగు పని చేసే ఇంజనమ్మ తమ్ముడు కబురు పంపాడు. అక్కడి కంపెనీ పడవతో సహా ఇద్దర్నీ పనిలోకి తీసుకుంటుందట. షరతు ఒక్కటే: పడవ సొంత ఇంజను మీద రేవులోకి రావాలి. ఎవడో తాడు కట్టి లాక్కొస్తే దాన్ని పాత ఇనుము కింద తీసిపారేస్తారు. దారి కూడా చెప్పాడు. సూటిగా పడమరకు రావాలి, సాయంత్రం సూర్యుడు పడవ ముక్కుకు ఎదురుగా దిగాలి. రేవు సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఒక మొన చివర ఉంది. అది తప్పిందా, అవతలంతా నీళ్లే.

ఏటి పడవేసుకుని సముద్రం దాటడమేమిటని మీరడగొచ్చు. నిండా మునిగినవాడికి చలేమిటి చెప్పండి! అద్దె ఇల్లు ఖాళీ చేసి, పరుపుతో సహా సామానంతా ప్రయాణికుల బల్లల మీదికెక్కించి బయల్దేరారు.

మొదటి రోజు ఇద్దరూ పేగులు తెగేలా కక్కుకున్నారు. కింద డీజిలు కంపు, పైన ఉప్పు గాలి. కాళ్ల కింద నేల ఒక్క క్షణం నిలకడగా ఉంటే ఒట్టు. సరంగు కన్ను మూతపడబోతే చుక్కాని చక్రాన్ని తాడుతో కట్టేసి కూర్చున్నచోటే కునుకు తీసేవాడు. పెళ్లాం చేతికి మాత్రం ఇవ్వలేదు. అన్నేళ్లలో ఎన్నడూ ఇవ్వలేదు, ఇప్పుడిస్తాడా?

మూడో రోజుకు కనపడాల్సిన మొన నాలుగో రోజు పొద్దు వాలుతున్నా కనపడలేదు. ఇంజనమ్మ ట్యాంకులో పుల్ల ముంచి చూస్తే రెండు వేళ్ల మేర తడిసింది. తాగే నీళ్లు క్యాను అడుగుకొచ్చాయి. పైకెళ్లి చెబితే ఇదిగో వచ్చేస్తున్నామని కసిరాడు. నిన్న కూడా ఆ మాటే అన్నాడు. పెదాలు పగిలి, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మొగుడు భయపడుతున్నాడని ఆవిడకు తెలిసిపోయింది. ఆయన భయపడగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అది చూశాకే ఆవిడకు చావు భయం పట్టుకుంది.

కిందికొచ్చి ఇంజను పక్కన కూలబడింది. కుడివైపు గాలికంతలోంచి ఎండ పడి వెనక గోడ మీద గుండ్రంగా నిలిచింది. నిన్న సాయంత్రం కూడా అక్కడే పడింది. మొన్న కూడా. ఆవిడ దాన్నే చూస్తూ ఉండిపోయింది. సూర్యుడు ముక్కుకు ఎదురుగా ఉంటే కుడి కంతలోంచి ఎండ ఎలా వస్తుంది?

ఆలోచించగా ఆలోచించగా సంగతి బోధపడింది. వాళ్ల పాయలో పడమటి గట్టుకు పోయేటప్పుడు నీళ్లు ఎప్పుడూ కుడికి లాగేవి. ఎదురుగా రేవుంటే సరంగు రేవుకు గురిపెట్టడు, దానికి ఎడమగా ఉన్న ఇటుకబట్టీకి గురిపెడతాడు. ప్రవాహం పడవను నెట్టుకొచ్చి సరిగ్గా రేవులో దించుతుంది. పాతికేళ్లుగా అదే పని. ఇప్పుడు దిక్సూచి చూసి పడమరకు పెట్టినా, చెయ్యి దానంతటదే వేలెడు ఎడమకు జరుపుతోంది. పాయలో వేలెడు తేడా ఏముంది, సముద్రంలో అది కోసులకు కోసులు.

అంతలో గంట మోగింది. ఒకటి. ముందుకు, ఇంకా జోరుగా.

ఆవిడ ఇంజను ఆపేసింది.

గంటకు ఎదురు తిరగడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. అంత నిశ్శబ్దం ఆ పడవలో ఎన్నడూ లేదు. ఆవిడ పైకెక్కేసరికి సరంగు ఉగ్రుడైపోయి ఉన్నాడు. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. ఆవిడ తిట్లు అయిపోయేదాకా ఆగింది.

"మీరింకా మన రేవే దాటిస్తున్నారు," అంది.

ఆయనకు అర్థం కాలేదు. ఎండ సంగతి చెప్పింది, ఇటుకబట్టీ సంగతి చెప్పింది. ఇంజను గదిలో కూర్చున్నదానివి నాకు చుక్కాని నేర్పుతావా అన్నాడు. సరే, ఇంజను మళ్లీ వేస్తాను, సూర్యుడికి సూటిగా పెట్టి పట్టుకోండి అంది. వేసి పైకొచ్చింది. ఆయన కసికొద్దీ ముక్కున ఉన్న జెండాకర్రను సూర్యుడికి గురిపెట్టాడు. ఆవిడ పక్కన నిలబడి రేవు కబుర్లు తీసింది. టికెట్టు తీసుకోకుండా దిగిపోయే మాస్టారి గురించి, వర్షంలో తడిసిన పెళ్లివారి గురించి. ఆయన వద్దనుకుంటూనే ఆవిడవైపు తిరిగి రెండు మాటలన్నాడు. మళ్లీ ముందుకు చూస్తే సూర్యుడు జెండాకర్రకు కుడిగా ఉన్నాడు.

ఆయన చక్రం మీదున్న ఎడమ చేతిని పరాయివాడి చెయ్యిలా చూసుకున్నాడు. "చంపేశానే నిన్ను," అని చక్రం వదిలేసి ఏడ్చాడు.

ఇక ఏడుపుకు టైమెక్కడిది? ముక్కు కుడికి తిప్పాలి, డీజిలు ఉన్నంతలోనే ఆ మొన పట్టుకోవాలి. ఆయన చక్రం ఆవిడకిచ్చి కిందికి దిగాడు. ఆవిడ పైనుంచి చెబుతుంటే స్టవ్‌లోని కిరసనాయిలు, వంటనూనె డబ్బా ట్యాంకులో పోశాడు. ఇంజను నల్లగా దగ్గుతూ నడిచింది. ఆవిడ కన్నార్పకుండా దిక్సూచి చూస్తూ, రాత్రంతా చక్రం పట్టుకుంది.

తెల్లారాక పొగగొట్టాలు కనపడ్డాయి. తర్వాత క్రేన్లు, రేవు చుట్టూ కట్టిన రాతిగోడ. గోడమీద నిలబడి చెయ్యూపుతున్న తమ్ముణ్ణి కూడా ఆవిడ గుర్తుపట్టింది. కంపెనీ మనిషి కాబోలు, తెల్లచొక్కా ఆయన పక్కనే ఉన్నాడు. అదిగో, సరిగ్గా అప్పుడే ఇంజను రెండుసార్లు ఎగశ్వాస తీసి ఆగిపోయింది. ట్యాంకులో పుల్ల తడవలేదు. అల పడవను రాళ్లవైపు నెట్టడం మొదలెట్టింది.

రేవులోంచి పడవల్ని లాగే టగ్గు వచ్చింది. దాని మీది మనిషి మోకు చుట్ట ఎత్తి చూపించాడు. ఇంజనమ్మ వద్దని చెయ్యూపింది. "ఇంకొంచెం నూనె ఉందేమో చూడండి, దీపంలోది, తలకి రాసుకునేది, ఏదైనా," అని అరిచింది.

సరంగు పైకొచ్చాడు. రాళ్లు చూశాడు, గోడమీది తెల్లచొక్కాను చూశాడు. ఇన్నేళ్లలో ఆయన పడవ ఇంకొకరి తాడున నడవలేదు.

"విసరవయ్యా," అన్నాడు టగ్గు మనిషితో. మోకు అందుకుని తన చేతులతోనే ముక్కుకు కట్టాడు. "పోతే పడవ పోనీ. నువ్వుండాలి."

లాగుడు తాడున పడవ రేవులోకి వచ్చింది. తెల్లచొక్కా ఆయన తాడును ఒకసారి చూసి కారువైపు నడిచాడు. తమ్ముడు బతిమాలుతూ వెనకే పరిగెత్తాడు. కారు ఆగలేదు.

మొగుడూపెళ్లాలు గట్టుమీద కూర్చున్నారు. ఎవరో ఇచ్చిన నీళ్ల సీసా ఆయన ముందు ఆవిడ నోటికి పెట్టాడు. ఆవిడ తాగేదాకా ఆగి, "ఇప్పుడెటు పోదామే?" అని అడిగాడు.

ఆయన ఆవిణ్ణి దారి అడగడం అదే మొదటిసారి. ఆవిడకేమో తెలియదు.