నేను కొట్టిందే చూపించింది

జగిత్యాల నుంచి కోరుట్ల పోయే రోడ్డు పక్కన, పసుపు చేల మధ్య కట్టిన ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ నా చేతిలో ఉండేది. ఉద్యోగం పేరు ప్రోగ్రామర్. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ప్రోగ్రాములు రాసింది తక్కువ, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాలు లాగింది ఎక్కువ. లెక్చరర్ రాని రోజున క్లాసు కూడా నేనే చెప్పేవాణ్ణి. ఏటా జూన్‌లో కరస్పాండెంట్ గారు పిలిచి "ఈ యేడు కూడ ఉండు" అంటే ఉన్నట్టు, పిలవకపోతే లేనట్టు.

పిల్లలకు మాత్రం నేనంటే ఇష్టం. ఎందుకంటే నేను ఉద్యమం మనిషిని అని వాళ్ళ నమ్మకం. నేను కూడా అలాగే అనుకునేవాణ్ణి. తెలంగాణ కోసం ఊరూరా బంద్‌లు, రాస్తారోకోలు జరుగుతున్న రోజులవి. కాలేజీ గేటు ముందు పిల్లలు నినాదాలిస్తుంటే నేను ల్యాబ్ కిటికీలోంచి పిడికిలి ఎత్తేవాణ్ణి. కిటికీలోంచే. గేటు దాకా పోయింది లేదు.

ఒక బంద్ రోజు కోరుట్ల బస్టాండు ముందర వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తినడమన్న మాట. మా ఇల్లు కోరుట్లలోనే కాబట్టి, ల్యాబ్ తాళాలు అటెండర్‌కు వదిలేసి నేనూ పోయాను. మా కాలేజీ పిల్లలు అక్కడ గరిటెలు పట్టుకుని ఉన్నారు. వాళ్ళలో ఒక సిరిసిల్ల పిల్ల, మూడో సంవత్సరం చదివేది. వాళ్ళ నాన్న సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు. ఆ పిల్ల జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకునేది. నన్ను చూడగానే విస్తరి తెచ్చి చేతిలో పెట్టింది.

"తినున్రి సార్, సిగ్గుపడకున్రి. ఇయ్యాల రోడ్డు మనది, బువ్వ మనది" అంది.

వేడి వేడి పప్పన్నం, మామిడికాయ తొక్కు. రెండుసార్లు వేయించుకుని తిన్నాను.

తర్వాతి వారం కరస్పాండెంట్ గారు పిలిపించారు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి, పిల్లలు బంద్‌ల పేరుతో క్లాసులు ఎగ్గొడుతున్నారు, అడ్డుకట్ట వేయాలి అని ఆయన పట్టుదల.

"మిషన్లల్ల ఎవలు ఎప్పుడొచ్చిండ్రో అంత రాసి ఉంటది గద. బంద్ దినాలల్ల రానోళ్ళ పేర్లు తీసియ్యి" అన్నారు.

"రానోళ్ళందరు బంద్‌కు పోయినోళ్ళు కారు సార్. జరమొచ్చినోళ్ళుంటరు, బస్సుల్లేక ఆగిపోయినోళ్ళుంటరు."

"గట్లయితే పోయినోళ్ళెవలో నువ్వే ఏరియ్యి. నువ్వు కోరుట్లోనివే గద, నీకెర్క ఉండదా?" అని, లేచి పోబోతూ, "జూన్ వస్తది మల్ల" అన్నారు.

నేను కాదనలేదు. ఆలోచించుకుంటానని కూడా అనలేదు. తిన్నగా ల్యాబ్‌కు వచ్చి కూర్చున్నాను. ల్యాబ్‌లో పిల్లలు హాల్‌టికెట్ నెంబరుతోనే మిషన్‌లోకి పోవాలి. కాబట్టి ఆ బంద్ రోజుల్లో ఎవరు రాలేదో రెండు కమాండ్లు కొడితే వచ్చేసింది. అంతవరకు మిషన్ పని. ఆ తర్వాతది నా పని. ఆ పేర్ల వెంబడి ఒక్కొక్కటిగా దిగుతూ, జ్వరమొచ్చిందని నాకు తెలిసిన వాళ్ళను తీసేశాను. రోడ్డు మీద నా కళ్ళతో చూసిన వాళ్ళను ఉంచాను. నా విస్తట్లో అన్నం పెట్టిన పిల్ల పేరు దగ్గర కాసేపు ఆగాను. తీసేయొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ ఆ రోజు అందరూ ఫొటోలు దిగారు, ఆ పిల్ల పక్కన నేనూ ఉన్నాను. ఆ పిల్లను వదిలేస్తే నన్నూ అడుగుతారని భయమేసింది. ఉంచాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు కదా, నేను వాసాలు లెక్కపెట్టి పేర్లు కూడా రాసిచ్చాను.

మిగిలిన పేర్లున్న ఫైలుకు bandhki_poyinollu అని పేరు పెట్టాను. మా వైపు ల్యాబుల్లో అందరం అంతే, ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటే రాసుకుంటాం. తర్వాత వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే కమాండు కొట్టాను:

sort bandhki_poyinollu | lpr

కాగితం బయటికి వచ్చింది. దాని మీద ఎవరి సంతకమూ లేదు. మర్నాడు నోటీసు బోర్డు మీద అంటించారు. ఈ పేర్లున్న వాళ్ళు తల్లిదండ్రుల్లో ఒకరిని తీసుకొచ్చి, ఇకముందు బంద్‌లకు పోము అని హామీపత్రం రాసివ్వాలి, లేకపోతే హాల్‌టికెట్ ఇవ్వరు అని కింద రాసి ఉంది.

పిల్లలు నా దగ్గరికే వచ్చారు మొర పెట్టుకోవడానికి. "ఎవడో మన నడుమనే ఉండి పేర్లిచ్చిండు సార్. మీకేమన్న తెలుస్తదా?" అని సిరిసిల్ల పిల్ల అడిగింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకునే మనిషిని నేను. "నాకేం తెల్సు, ఆఫీసోళ్ళ పని గావచ్చు" అని అవసరం లేనంత గట్టిగా అన్నాను. వాళ్ళు నమ్మారు. ఆ నమ్మడమే నాకు ముల్లులా దిగింది.

అప్పటి నుంచి పిల్లల్ని మంచి చేసుకోవాలని ఒకటే తాపత్రయం. అడగనివాళ్ళకు కూడా ల్యాబ్ తెరిచి పెట్టేవాణ్ణి. ఏదైనా కొత్తది చూపించి శభాష్ అనిపించుకోవాలి. అలాంటప్పుడు ఒక కొత్త షెల్ గురించి చదివాను. నల్ల తెర మీద మనం కొట్టే కమాండును అందుకుని మిషన్‌తో పని చేయించేది షెల్. ఈ కొత్తదానిలో గొప్ప ఏమిటంటే, మనం రెండక్షరాలు కొట్టగానే మిగతా కమాండు ఏమై ఉంటుందో ముందే ఊహించి బూడిదరంగులో చూపిస్తుంది. అవును అదే కావాలి అనుకుంటే కుడివైపు బాణం కీ నొక్కితే చాలు, వరుసంతా నిండిపోతుంది. వద్దనుకుంటే మన పాటికి మనం కొట్టుకుంటూ పోవచ్చు.

జగిత్యాలలో ఒక నెట్ సెంటర్‌లో దాన్ని దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చాను. ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. సగం అయ్యేసరికి కరెంటు పోయేది, మళ్ళీ మొదటికి వచ్చేది. చివరికి ఎక్కింది కానీ చూస్తే ఏమీ కనిపించలేదు. మా పాత డబ్బా మానిటర్లలో నలుపు మీద ఆ బూడిదరంగు అలికినట్టు కలిసిపోయింది. కూర్చుని రంగులు మార్చాను. నీలం పెట్టాను, బాగాలేదు. చివరికి పసుపు పెట్టాను. వెనక వరుసలో నిలబడ్డ వాళ్ళకు కూడా కనపడాలి అని.

ఇంకో చిక్కు. కొత్త షెల్ కాబట్టి దాని దగ్గర గుర్తులేమీ లేవు. మనం అంతకుముందు కొట్టినవే అది చూపిస్తుంది, కొట్టింది లేకపోతే చూపించేదీ లేదు. పిల్లల ముందు ఖాళీగా ఉంటే ఏం మజా? అందుకని పాత షెల్‌లో నేను ఇన్నేళ్ళుగా కొట్టిన కమాండ్లన్నీ ఉన్న చరిత్ర ఫైలును దీనికి తినిపించాను. ఏ అక్షరం కొట్టినా ఏదో ఒకటి టక్కున లేస్తోంది. నాలో నేనే నవ్వుకున్నాను. ఇంత పకడ్బందీగా తన గోతిని తానే తవ్వుకున్నవాడు ఇంకొకడు ఉండడు.

మర్నాడు మూడో సంవత్సరం పిల్లలను నా మిషన్ చుట్టూ నిలబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. మంచి ఊపు మీద ఉన్నాను. "ఇది జాతకం చెప్పదు. ఎక్కడినుంచో తేదు. ఈ మిషన్ల ఈ లాగిన్ మీద కూసున్నోడు ఇంతకుముందు ఏం కొట్టిండో గదే సూపెడ్తది. ఒక్క అక్షరం తన సొంతంగ కలపదు" అన్నాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నాకు మస్తు సంబరమైంది.

"నువ్వు కొట్టి సూడు" అని సిరిసిల్ల పిల్లను కుర్చీలో కూర్చోబెట్టాను.

"ఏం కొట్టాలె సార్?"

"నీ ఇష్టం. మొన్న క్లాసుల చెప్పింది ఏదన్న."

మొన్న క్లాసులో బోర్డు మీద చెప్పింది sort. ఆ పిల్ల s కొట్టింది, o కొట్టింది. మిగతాది నేను కష్టపడి పెట్టిన పసుపురంగులో వచ్చి నిలబడింది.

ముందు నాకు అర్థం కాలేదు. పిల్లలకు అర్థమైంది. అది ఇంగ్లీషైతే ఇంకాసేపు పట్టేదేమో, మన మాటే కదా. ఎవరో వెనకనుంచి "బంద్‌కి పోయినోళ్ళు" అని పైకే చదివారు. నవ్వబోయి ఆగిపోయారు. ఆ పిల్ల తెర వైపు చూసింది, నా వైపు చూడలేదు. కుడి బాణం కీ నొక్కింది. పసుపు అక్షరాలు తెల్లబడి వరుసంతా నిండింది.

"గిదేంది సార్?" అంది.

నా నోటికి ఏది దొరికితే అది అన్నాను. "అది... అది మిషన్ దానంతట అదే సూపెడ్తది. నేను కాదు."

ఒక్క అక్షరం సొంతంగా కలపదని నేను చెప్పి ఐదు నిమిషాలు కూడా కాలేదు. వాళ్ళు ఆ మాట అని ఉంటే బాగుండేది, తిట్టినా బాగుండేది. ఆ పిల్ల వెనక్కి చెరిపే కీ మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం తుడిచేసింది. తెర మళ్ళీ ఖాళీ అయ్యాక లేచి, కుర్చీ లోపలికి జరిపి, బయటికి పోయింది. మిగతావాళ్ళూ పోయారు. వాళ్ళ చెప్పుల చప్పుడు అయిపోయేదాకా నేను తల ఎత్తలేదు.

వాళ్ళు పోగానే నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. వాళ్ళ వెనకాల పోలేదు. కూర్చుని, చరిత్రలోంచి ఆ ఒక్క వరుసను ఎట్లా తీసేయాలో వెతికి తీసేశాను. తర్వాత so అని కొట్టి చూశాను. ఆ వరుస రాలేదు. నిమిషం పని. నోటీసు బోర్డు మీద పేర్లు మాత్రం అట్లాగే ఉన్నాయి.

కరస్పాండెంట్ దగ్గరికి ఎవరూ పోలేదు, నా మీద ఎవరూ కేకలు వేయలేదు. క్లాసుకు వస్తున్నారు, లేచి నిలబడుతున్నారు, సార్ అంటున్నారు. చెప్పింది రాసుకుని పోతున్నారు. మునుపటిలా ల్యాబ్ అయిపోయాక ఎవరూ ఆగడం లేదు.

నాలుగైదు రోజుల తర్వాత ఆ పిల్ల వాళ్ళ నాన్నను వెంటబెట్టుకుని ల్యాబ్‌కు వచ్చింది. సన్నటి మనిషి. తెల్లవారకముందే సిరిసిల్లలో బస్సెక్కి, వేములవాడలో ఇంకో బస్సు మారి వచ్చాడట. చొక్కా భుజం మీద నూలు దూది ఇంకా అంటుకునే ఉంది. చేతిలో హామీపత్రం.

"గీ సారేనా బిడ్డా నువ్వు జెప్పేది?" అని, నాకు రెండు చేతులా దండం పెట్టాడు. "మా బిడ్డ ఇంటికొస్తె మీ ముచ్చటే జెప్తది సారూ. మా సారు మనోడు, మనతోని రోడ్డు మీద కూసోని తిన్నడు అని."

నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఆఫీసులో కాగితం ఇస్తే, కాలేజీలో పనిచేసే ఒకరి సాక్షి సంతకం ఉండాలన్నారట.

"మాకెర్కున్న సారు మీరొక్కలే. జర సంతకం పెట్టున్రి" అన్నాడు. కాగితం టేబుల్ మీద పరిచి, వేలితో చోటు చూపించి, అప్పుడు అడిగాడు. "పిల్లల పేర్లు రాసిచ్చినోడెవడు సారూ? గాయనకు పిల్లల్లేరా?"

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఆ పిల్ల మొదటిసారి నా ముఖంలోకి చూసింది. ఒకటి, రెండు క్షణాలు ఎదురుచూసింది. నేను కాగితం మీదికి చూపు దించుకున్నాను.

"ఎవలియ్యలే బాపూ" అంది, నా మీద నుంచి చూపు తీయకుండా. "మిషన్ దానంతట అదే ఇచ్చిందట."

"మిషనా?" అన్నాడు ఆయన. సాంచాలతో బతుకు వెళ్ళదీసిన మనిషి, మిషన్ అంటే ఏం చేస్తుందో ఏం చేయదో తెలిసిన మనిషి. అయినా కూతురు చెప్పింది కాబట్టి తల ఊపాడు.

ఆ పిల్ల బ్యాగులోంచి తన పెన్ను తీసి నాకిచ్చింది. తీసుకున్నాను. పేర్ల కాగితం మీద ఎక్కడా లేని నా సంతకం, ఆ పిల్ల ఇకముందు తప్పు చేయదని చెప్పే కాగితం మీద పెట్టాను.