హార్ట్‌లీ వారి కోడలు

మా అమ్మాయి పెళ్లికి ముందురోజు సాయంత్రం, అమెరికాలో మేముండే నోవై ఊళ్లో ఒక రెస్టారెంట్‌లో రెండు కుటుంబాల వాళ్లం భోజనానికి కూర్చున్నాం. పెళ్లికొడుకు అమెరికన్. వాళ్ల నాన్న కార్ల కంపెనీలో రిటైరయిన ఇంజనీరు. మన లెక్కలో నాకు వియ్యంకుడు. వాళ్ల భాషలో ఆ బంధుత్వానికి మాటే లేదు. ఆయన గ్లాసు పట్టుకుని లేచి, తమ ఇంటిపేరు గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

హార్ట్‌లీ అంటే పాత ఇంగ్లీషులో దుప్పులు తిరిగే బయలు అట. అడవి మధ్య చెట్లు లేకుండా చదునుగా ఉన్న చోటు. ఇంగ్లండ్‌లో ఆ పేరుతో చాలా ఊళ్లున్నాయి. అక్కడినుంచి వచ్చినవాణ్ణి పొరుగూరి వాళ్లు హార్ట్‌లీ అని పిలిచేవారు, పోనుపోను అదే ఇంటిపేరయింది.

"మా పూర్వీకులది అందులో ఏ ఊరో మాకే తెలియదు. ఒకదానికి వెళ్లి బోర్డు పక్కన ఫొటో దిగి వచ్చాం" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడాయన మా వారి వైపు తిరిగి, "మరి మీ పేరుకి అర్థమేమిటి?" అని అడిగాడు.

మా ఇంటిపేరూ ఊరిపేరే. కృష్ణ ఒడ్డునున్న ఊరు. చెప్పుకోవాలంటే ఎంతో ఉంది. మా వారు మాత్రం "ఇట్స్ జస్ట్ ఎ విలేజ్" అని నాప్‌కిన్ సర్దుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

పెళ్లయ్యాక అమ్మాయి ఇంటిపేరు మార్చుకుంది. నేనూ పుట్టింటి పేరు వదిలి వచ్చినదాన్నే కనుక ఏమీ అనలేకపోయాను.

ఆ కాపురం మూడేళ్లు నిలిచింది. అతను ఇంకొకామెను చూసుకున్నాడు. విడాకులప్పుడు పాత పేరు తిరిగి తీసుకుంటావా అని కోర్టులో అడిగితే అమ్మాయి వద్దని చెప్పిందట. ఆ సంగతి మా వంటింట్లో కాఫీ తాగుతూ మామూలుగా చెప్పింది.

"వాడు వద్దు గానీ వాడి పేరు కావాలా నీకు?" అన్నాను.

"అమ్మా, ఇట్స్ నాట్ హిజ్. ఇప్పుడు నాది. నా పేషెంట్స్ అందరికీ నేను డాక్టర్ హార్ట్‌లీ." అమ్మాయి పళ్ల డాక్టరు. "క్లినిక్ బోర్డు మీద, లైసెన్స్ మీద అదే ఉంది."

"మన పేరుకి ఏమొచ్చింది?"

"స్కూల్లో అటెండెన్స్ పిలుస్తా టీచర్ ఆగేది. ఆగితే నెక్స్ట్ నేనే అని అందరికీ తెలుసు. ఇప్పుడు ఎవరూ ఆగరు. దట్స్ ఆల్."

హాల్లో మా వారు టీవీ సౌండ్ పెంచారు. ఆ తరవాత ఆయన ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు.

మరుసటి ఏడాది ఎండలు మొదలయ్యే రోజుల్లో ఆ పాత వియ్యంకుడు నాకు ఫోన్ చేశాడు. ముందు నా ఆరోగ్యం అడిగాడు. తరవాత గొంతు సవరించుకుని, కొడుక్కి మళ్లీ పెళ్లి కుదిరిందనీ, కొత్త పెళ్లికూతురికి కొంచెం ఇబ్బందిగా ఉందనీ అన్నాడు. "ఆ పేరు మా కుటుంబానిది. మీ అమ్మాయికి మీరొక మాట చెబుతారేమోనని."

నేనూ అమ్మాయిని అడిగింది అదే. కానీ అదే మాట ఆయన నోట వినేసరికి నాకు రోషం వచ్చింది.

"ఊరి పేరని మీరే చెప్పారు కదా" అన్నాను. "అక్కడినుంచి వచ్చినవాళ్లని ఆ పేరుతో పిలుస్తారన్నారు. మా అమ్మాయి మూడేళ్లు అక్కడుండి వచ్చింది."

"మీరలా అనుకుంటున్నందుకు విచారంగా ఉంది" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆ పూటంతా గర్వంగా తిరిగాను. సాయంత్రం అమ్మాయికి చెప్పాను, సంతోషిస్తుందనే అనుకున్నాను.

"నువ్వెందుకు మాట్లాడావు?" అంది. "నా పేరు గురించి మీరిద్దరూ డిసైడ్ చేసేదేంటి?"

"నీ తరఫునే కదే మాట్లాడాను."

"నేను అడగలేదు అమ్మా."

ఆ ఏడు థాంక్స్‌గివింగ్ పండక్కి అమ్మాయి ఇంటికి రాలేదు. క్లినిక్‌లో పని ఉందని మెసేజ్ పెట్టింది. వారం వారం చేసే ఫోను నెలకొకటయింది. అందులోనూ వాతావరణం గురించే. ఆ ఇంటివాళ్లు మాకేమీ కారిప్పుడు, అయినా మా ఇద్దరి మధ్యా వాళ్లే కూర్చున్నారు.

మా వారికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు మాత్రం వచ్చింది. హాస్పిటల్ వాళ్లు విజిటర్స్‌కి ఇచ్చే స్టిక్కర్ కోటు మీద అంటించుకుని ఉంది, దాని మీద పెద్ద అక్షరాలతో ఆ పేరు. మా వారు దాన్ని చదివి, కిటికీ వైపు తిరిగి, మంచినీళ్లు కావాలన్నారు. అమ్మాయి గ్లాసు అందించింది. నేను దుప్పటి సర్దుతూ నిలబడ్డాను.